పాత పలకలు ఎవరు ఎత్తిపోస్తారు?

చెప్పబోయేది మహాకావ్యం. కాదులెండి, తర్లుపాడు నుంచి మార్కాపురం దాకా బస్సులో సాగిన చిన్న తగువు.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే కోడింగ్ పద్ధతి శిక్షణలో తప్పితే ఉద్యోగం ఊడుతుందని కంపెనీవాళ్ళు అన్నారు. ఫోన్‌లో పాఠం చూస్తూ గొణుగుతుంటే, పక్కన కూర్చున్న పలకల ఫ్యాక్టరీ అక్క "ఏందబ్బాయ్ అది?" అంది.

"ఒకసారి రాసిన విలువను మార్చకూడదంట అక్కా. మార్పు కావాలంటే కొత్తది రాసుకోవాలంట."

"అంటే చెరపకుండా ప్రతిసారీ కొత్త పలకా? చెరిపేదానికే గదా మేం పలక చేసేది. పాతవన్నీ ఎవురు ఎత్తిపోస్తారు, మీకు పాఠం చెప్పే సారా?"

ఇదే అడిగినందుకు సారు నన్ను అందరి ముందూ మొద్దు అన్నాడు. ఆ సంగతి చెప్తే ఆమెకు నాకంటే ఎక్కువ మండింది. "మళ్ళీ అడుగు. చెప్పలేనోడికి జీతమెందుకు?"

మర్నాడు ఆన్‌లైన్ క్లాసులో ఆమె మాటల్లోనే అడిగాను. అక్కర్లేని పాతవాటిని కంప్యూటరే ఏరిపారేస్తుందని సారు తొలిసారి వివరంగా చెప్పాడు. పాసయ్యాను.

నాకిచ్చిన ప్రాజెక్టులో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ లేదు.