నీళ్ల మీది భయం

మా లారీ పుప్పాలగూడ దాటి ఆగేసరికి మధ్యాహ్నమైంది. చుట్టూ గుండ్రటి బండలు, ముళ్లతుప్పలు, దూరంగా జొన్నచేలు. బండల మధ్య మా గుడారాలు. అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు మేకలు మేసేవి. పడమటి గాలి. సాయంత్రానికి అందరి కళ్లలో ఇసుక.

మేం సైన్యంలోని ఇంజనీర్ దళంలో డైవర్లం. వీపున గాలి నింపిన రెండు ఇనుప సిలిండర్లు, ముఖానికి అద్దపు మాస్కు, మునగడానికి నడుముకు సీసపు బెల్టు, కాళ్లకు రబ్బరు రెక్కలు. నది అడుగున వంతెన పునాదులు వెతకడం నేర్చుకోవాలి. అందుకు రోజూ తెల్లవారగానే గండిపేట చెరువుకు వెళ్లాలి. అది తాగునీటి చెరువు, సబ్బు ముట్టకూడదని మొదటి ఆర్డరు. రెండోది స్నార్కెల్ గురించి.

స్నార్కెల్‌ను మేం గొట్టం అనేవాళ్లం. ఒక కొన నోట్లో, ఇంకో కొన నీటి పైన. ముఖం నీళ్లలో ఉంచే ఊపిరి తీసుకోవచ్చు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంటుకు అది నచ్చలేదు. "సిలిండర్ ఉన్నవాడికి గొట్టమెందుకు? తాళ్లకు చిక్కుకుంటుంది. గుడారంలో వదిలేసి రండి" అని హిందీలో చెప్పాడు. మా హవల్దారు తెల్లాపూర్ వైపువాడు. ముందు ఒట్టి ఈత పరీక్ష పెడదామని, మాస్కు లేకుండా తేలడం నేర్పుదామని అడిగాడు. అంత టైము లేదన్నాడు లెఫ్టినెంటు.

డైవర్లు ఇద్దరిద్దరుగా దిగాలి. నా జోడీ సంగారెడ్డి దగ్గర రాళ్లు కొట్టే ఇంటివాడు. నీటి అడుగున అతనంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. కానీ పైకి వస్తే చాలు, పడవ అంచు పట్టుకునేవాడు. నిచ్చెన లేకుండా దిగేవాడు కాదు. ఈత మాటెత్తితే చెవిపోటు వచ్చేది. నేను కోనసీమ కాలవల్లో పెరిగినవాణ్ణి. అనుమానం పుట్టడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు.

"నీకు ఈత వచ్చా?" అని అడిగేశాను.

"ఏందన్నా గట్లడుగుతవు? డైవర్‌ను కాదా?"

"డైవర్‌వి సరే. ఈత వచ్చా అంటున్నాను."

"నా గురించి ఫికర్ పెట్టుకోకు" అని బూట్లు తుడుచుకోసాగాడు.

మధ్యాహ్నం విశ్రాంతి వేళ అతనూ హవల్దారూ కట్ట చివరి బండల వెనక్కి పోయేవారు. తడిసి వచ్చేవారు. నన్ను చూడగానే మాటలు ఆపేసేవారు. బయట ఆంధ్రా, తెలంగాణ గొడవల రోజులు. క్యాంపులో ఎవరూ ఆ మాట ఎత్తరు. కానీ వాళ్లిద్దరిదీ ఒకే వైపు. ఈత రాని తన వైపువాణ్ణి హవల్దారు కాపాడుతున్నాడని, మునిగితే మునిగేది నేనని నమ్మేశాను. నా జోడీని మార్చమన్నాను. హవల్దారు నా వైపు చాలాసేపు చూశాడు.

"మార్చ. ఇగ పో."

ఆ చూపు కూడా నాకు అనుమానంగానే తోచింది.

తర్వాత ఒకరోజు చెరువు అడుగున పడిపోయిన లంగరు వెతకడం మా పని. బురదలో కంటికి చెయ్యి కనిపించదు. వెతుకుతూ చాలా దూరం పోయాం. నా సిలిండర్లో గాలి తగ్గి ఊపిరి బిగుసుకోగానే పైకి సైగ చేశాను. పైకొస్తే పడవ ఎక్కడో చిన్నగా ఉంది. గాలి లేచి చెరువంతా అలలు. ఒక అల నోట్లోకి కొట్టింది. సిలిండర్‌లో ఊపిరి కోసం పీల్చాను. ఏమీ రాలేదు.

కాలవలో లంగోటీతో ఈదినవాణ్ణి. వీపున ఇనుముతో, అలల్లో ఎన్నడూ ఈదలేదు. ఇనుము వెనక్కి లాగుతోంది. పిక్క పట్టేసింది. మాస్కు పీకేశాను. ఇక నన్ను పట్టుకుని మునిగేది జోడీయే అనుకుని, వాడికంటే ముందు నేనే వాడి మెడ పట్టుకున్నాను.

వాడు నీళ్ల కిందికి జారి నా చేతుల్లోంచి తప్పుకున్నాడు. నా నడుము దగ్గర ఏదో తెగినట్టయింది. సీసపు బెల్టు పోయింది. తనదీ వదిలేశాడు. పిక్కకు కట్టిన కత్తి పట్టీలోంచి గొట్టం తీశాడు. ఆర్డరు కాదని దాచి తెచ్చాడు. నా వెనక్కి వచ్చి నన్ను వెల్లకిలా తిప్పి, నా సిలిండర్ మెడ పట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, తన ముఖం నీళ్లలో ముంచి కాళ్లాడించడం మొదలుపెట్టాడు.

పడవలో వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు గాలిలో వినిపించింది. "ఒడ్డు, ఒడ్డు. ఇద్దరూ పైనే ఉన్నారు. వస్తున్నాం. ఓవర్."

పడవలోకి లాగేటప్పుడు కూడా గొట్టం అతని నోట్లోనే ఉంది. లెఫ్టినెంటు దాన్ని చూశాడు.

వాంతులు తగ్గాక అడిగాను. "ఈత వచ్చన్నమాట!"

"రాదన్నా. నేర్చుకుంటున్న. హవల్దార్ సాబ్ నేర్పుతుండు."

"రాకుండానే డైవర్‌వి అయ్యావా?"

"నీల్ల కింద నాకు భయం లేదు. నీల్ల మీదనే భయం. జెప్తే వాపస్ పంపిస్తరని పరేషాన్ అయిన." గొట్టంలోని నీళ్లు దులుపుతూ అన్నాడు. "గొట్టంతోని మొకం ముంచి ఊపిరి తీసుడు నేర్పిండు. భయం గప్పుడే వోయింది."

మర్నాడు కొత్త ఆర్డరు. ప్రతి డైవరూ గొట్టం తేవాలి. ముందు ఒట్టి ఈత, తర్వాతే సిలిండర్. తనిఖీకి వచ్చిన మేజర్‌తో ఇది మొదటి నుంచీ తన ఆలోచనేనని లెఫ్టినెంటు చెప్పుకున్నాడు. నాకు మండింది. హవల్దారు నవ్వాడు.

"చెప్పుకోనీ. మీరు మునగకుంటే సాలు."

శిక్షణ ముగిసి సికింద్రాబాద్ తిరిగి వచ్చాం. కొన్నాళ్లకు నేను ఇంటికి వచ్చేశాను. ఇక్కడ ఎవరైనా సిలిండర్ ఉండగా గొట్టమెందుకని, ఈత ఎందుకని అడిగితే వాదించను. వాళ్లు ఎప్పుడైనా గాలిలో, అలల్లో, ఖాళీ సిలిండర్‌తో పైకి వచ్చారా అని మాత్రం అనుమానిస్తాను.

అప్పుడు ఆ రోజే గుర్తుకు వస్తుంది. వెల్లకిలా తేలుతున్నాను. నోట్లోకి నీళ్లు, కళ్ల మీద ఆకాశం. నా చెవి పక్కనే, నేను నమ్మని మనిషి ఊపిరి. గొట్టంలోంచి లోపలికి, బయటికి. తొందర లేకుండా.