గ్యారీ మెచ్చుకోలు, నా ఫిర్యాదు

నేనుండే మనురేవా నుంచి హామిల్టన్‌లోని రోటోటూనా వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. దూరం వల్ల కాదు, మొహం చెల్లక. గిడ్డంగిలో నాతో పనిచేసిన గ్యారీ ఆస్ట్రేలియావాడు. షిఫ్టుల కోత మీద మీటింగులో నేను ఆవేశంగా మాట్లాడి కూర్చోగానే, పక్క కుర్చీలోంచి "గుడ్ ఆన్ యా, మేట్" అన్నాడు. శభాష్ మిత్రమా అని. అందరూ నవ్వారు. నేను వెటకారమనుకుని, జాతివివక్ష అంటూ ఫిర్యాదు రాశాను. నన్ను సమర్థిస్తూ మేనేజరుకు ఉత్తరం రాసింది అతనొక్కడేనని తెలిసేసరికి, అతను ఉద్యోగం మానేసి రోటోటూనా వెళ్లిపోయాడు.

తప్పు నాదే. కానీ పని గంటలు కోస్తూ కూడా "సారీ, మేట్" అని భుజం తట్టే మేనేజర్ల సంగతేమిటి? ఆ మాటను అరగదీసింది వాళ్లు కాదా? వాళ్ల మీది కోపంతో స్నేహితుడి గొంతు పోల్చుకోలేకపోయాను.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు మా పక్కనున్న మనుకావ్‌లో హామిల్టన్ బస్సెక్కాను. ఇరవై రెండు డాలర్లు, దాదాపు రెండు గంటలు. అక్కడి నుంచి రోటోటూనాకు సిటీ బస్సు. డ్రైవరు గుంటూరువాడు, నా చేతిలో సీసా చూడగానే తెలుగులోకి దిగాడు.

"ఆవకాయా అన్నా?"

"గోంగూర. స్నేహితుడికి."

"ఫోన్ చేశారా?"

"స్నేహితుడింటికి ఫోనేంటయ్యా?"

"చెప్పకుండా తలుపు కొడితే ఇక్కడ పోలీసులనుకుంటారన్నా!"

గ్యారీ తలుపు తీసి, "రండి, మిస్టర్ రావు" అన్నాడు. పదేళ్లలో అతను నన్ను అలా పిలవడం అదే మొదలు. అంత మర్యాద నేను భరించలేకపోయాను. టీ ఇచ్చాడు. వాన గురించి, పెరట్లో గడ్డి గురించి చెప్పాడు. క్షమాపణ చెబితే తలూపాడంతే. రెండింటికి, కప్పులోకి చూస్తూ అన్నాడు:

"నీ ఫిర్యాదు మా ఆవిడ చదివింది. 'నువ్వు నిజంగా అలాంటివాడివా?' అని అడిగింది నన్ను."



అన్యాయాన్ని నిలదీయడం నేనిప్పటికీ మానను. కానీ ఎవరిని నిలదీస్తున్నానో చూసుకోవడం ఆలస్యంగా నేర్చుకున్నాను. గిడ్డంగిలో ఇప్పటికీ గట్టిగా మాట్లాడి కూర్చున్నాక, పక్క కుర్చీ వైపు చెవి పోతుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరుగు టికెట్ ముందే కొనకండి. నేను రెండున్నర బస్సుకు కొనేశాను. గ్యారీ నోరు విప్పింది రెండింటికి.