నీరు చూసే తాత, నీలమ్మప్ప

కొత్త కార్డుల కట్ట మీది పల్చటి ప్లాస్టిక్ కాగితం చింపగానే పచ్చి సిరా వాసన, దాని వెనకే అట్ట వాసన వచ్చాయి. ఒక ఆటకు మూడో విడత నమూనా కార్డులివి, ఇంకా బజారుకు రాలేదు. ముందుగా ఆడి చూసి రాయమని నాకు పంపారు. ఆ వాసనకు నాకు టెక్కలిలో ఒక హాలు, తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకున్న రెండు చేతులు గుర్తుకొచ్చాయి. ఆ రోజు నీలమ్మప్ప ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముఖంలోకి చూస్తూ, తన కట్ట మీద చెయ్యి పెట్టకుండానే, "సేప" అంది. పై కార్డు తిప్పారు. చేప. దాని కిందిది తిప్పారు. అదీ చేపే. హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. పలాసలో జీడిపప్పు ఏరుకుంటూ జీవితం గడిపిన మనిషి, మనవల వయసు పిల్లలందరినీ దాటుకుని పోటీ గెలిచింది. రెండేళ్ళ క్రితం ఆవిడ పోయింది. ఆవిడను చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. పలాసను ఆనుకునే ఉన్న మా కాశీబుగ్గలో ధర్మారావుకు చిన్న ప్రెస్సు ఉంది. పెళ్ళి శుభలేఖలు, జీడిపప్పు డబ్బాల లేబుళ్ళు అచ్చు వేస్తాడు. పిల్లలు విదేశీ కార్డుల ఆటలు తెప్పించుకుని ఆడటం చూసి, మన సముద్రం మీద మన ఆట ఎందుకు ఉండకూడదని 'తెరచాప' తయారుచేశాడు. కార్డులు మూడు రకాలు: చేప, పడవ, గాలి. గాలి ఖర్చుపెట్టి పడవను దింపాలి, పడవతో చేపను ఒడ్డుకు తేవాలి. ముందుగా పది చేపలు ఒడ్డుకు చేర్చినవాళ్ళు గెలిచినట్టు. కార్డులు మూసిన పాకెట్లలో వస్తాయి, లోపల ఏముందో విప్పితే గాని తెలియదు. మొదటి విడతకే పలాస, కంచిలి, టెక్కలి కాలేజీ పిల్లలు పాకెట్లు కొనుక్కుని, లేనివి మార్చుకుని, అరుదైన కార్డుల కోసం బస్సెక్కి వెళ్ళేదాకా వచ్చారు. కొత్త విడత రాబోయే ముందు రెండు మూడు కార్డులను బయటపెట్టి, అవి ఆటను ఎలా మారుస్తాయో రాయడం ఈ ఆటల లోకంలో ఆనవాయితీ. దినపత్రికలో పాతికేళ్ళకు పైగా విలేకరిగా పనిచేసి బయటికొచ్చిన నాకు, ఒక ఇంటర్నెట్ పత్రిక కోసం ఆ పని దొరికింది.

నీలమ్మప్ప మా పక్కింటి మనిషి. పుట్టింది బారువలో, పడవల ఇంట్లో. పెళ్ళై పలాస వచ్చి జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పనిలో చేరింది. విరగని గుండు ఒకవైపు, రెండుగా విడిన బద్ద ఒకవైపు, ముక్క మరోవైపు. గుండులో మళ్ళీ పెద్దవి, చిన్నవి. రోజంతా అదే పని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తుపాను వార్త రాశాను. ఉద్దానంలో జీడి తోటలన్నీ నేలమట్టమని పెద్ద శీర్షిక వచ్చింది. పేపరు మడత పెట్టుకుని ఆమె గుమ్మంలోకి గర్వంగా వెళ్ళాను. చదివించుకుని విని అడిగింది.

"ఏ తోట సూసినావు తమ్ముడూ?"

"మందస నుంచి కంచిలి దాకా దారంతా చూశానప్పా."

"బస్సు దిగినావా?"

"లేదు."

"దిగుంటే కొమ్మలిరిగిన సెట్టేదో, ఏర్లతో లేసిపోయిన సెట్టేదో తెలిసేది. కొమ్మలిరిగిన సెట్టు రెండేళ్ళకి మళ్ళీ కాత్తాది. అన్నీ పోయాయని రాసేసినావు. ఆ సెట్లు కూడా నరికేసుకుంతారేటి మరి?"

మర్నాడు బస్సు దిగాను, వార్త తిరగ రాశాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ దిగుతూనే ఉన్నాను. జర్నలిజం నేర్పే చోట్లకు నేను వెళ్ళలేదు. నన్ను మొదట తిరగ రాయించింది ఈవిడే.

'తెరచాప' రెండో విడతలో ఒక కార్డు ఆవిడ చెప్పిన మాట నుంచి పుట్టింది. ఆవిడ తండ్రి తెప్ప మీద నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నీటి రంగు చూసి కింద ఏ చేప తిరుగుతోందో చెప్పేవాడట. బారువ ఒడ్డున ఆయన మాట వచ్చాకే వలలు దింపేవారట. ధర్మారావు ఆ మనిషిని బొమ్మగా వేయించి 'నీరు చూసే తాత' అని పేరు పెట్టాడు. అదీ పడవ రకం కిందికే వస్తుంది, రెండు గాలి కార్డులు ఖర్చుపెట్టి తాతను దింపాలి. నీ కట్టలో పైనున్నది చేపా, పడవా, గాలా అన్నది తిప్పకుండా చెప్పాలి. చెప్పింది నిజమైతే పై రెండు కార్డులూ నేరుగా ఒడ్డుకు వస్తాయి. తప్పితే ఆ వంతు పోయినట్టే. నీలమ్మప్ప బొమ్మను వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "మా అయ్యకి ఇంత పొట్ట నేదు" అంది. ధర్మారావు పొట్ట తగ్గించాడు.

అచ్చుకు ముందు నమూనా కార్డులతో ఆడి చూడటం నా పని. రోజూ సాయంత్రం మా అరుగు మీద ఆవిడతో ఆడేవాణ్ణి. తాత దిగాడంటే నా పని అయిపోయేది. కట్టలో పై కార్డు అంచుకు వేలు ఆనించి, "పడవ" అనేది. పడవే. "గాలి" అనేది. గాలే. ఒక్కసారి తప్పలేదు. కంచిలి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళనూ అలాగే ఓడించింది. నేను ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను: ఆటలో చెయ్యి తిరిగినవాళ్ళకు ఈ కార్డు దొరికితే ఇక ఎదురుండదు. ముందుచూపు వ్యాసంలో అదే రాశాను. 'ఓటమి ఎరగని తాత' అని శీర్షిక పెట్టాను. కళ్ళారా చూసి రాశాను కదా, బస్సు దిగే రాశాను కదా అని నా ధైర్యం.

వ్యాసం వచ్చిన రోజునే ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులు మండిపోయాయి. ఇలాంటి కార్డు వస్తే మిగతావన్నీ చిత్తుకాగితాలే అన్నారు. ధర్మారావు బెదిరిపోయి తాత ధర రెండు గాలుల నుంచి అయిదుకు పెంచుతున్నానని ఫోన్ చేశాడు. మరో మూడు రోజుల్లో అచ్చు. ఆ మాట నేనే నీలమ్మప్పకు చెప్పాను, నా రాతకు ఇంత బలం ఉందన్న సంబరంతో.

"అయిదెడితే ఎవుడైనా ఆడతాడా?"

"ఎవడూ ఆడడప్పా. అంత గాలి ఎవరి దగ్గర ఉంటుంది?"

ఆవిడ మర్నాడు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నాల వేళకు సరాసరి ప్రెస్సుకు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. నమూనా కార్డుల కట్ట బల్ల మీద బోర్లించమంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, పప్పు ఏరినట్టు చేతులు ఆడించింది. రెండు నిమిషాల్లో కట్ట మూడు కుప్పలైంది. ధర్మారావు కుప్పలు తిప్పి చూశాడు. ఒకదాంట్లో అన్నీ చేపలు, ఒకదాంట్లో పడవలు, ఇంకోదాంట్లో గాలులు. ఒక్క కార్డు కూడా తప్పు కుప్పలో లేదు.

విషయం ధర్మారావుకు ముందు తట్టింది. నమూనాలకు ఖర్చెందుకని, చేపలు ఒక శుభలేఖల మిగులు అట్ట మీద, పడవలు ఇంకో మిగులు మీద, గాలులు వేరొక దాని మీద వేశాడు. రంగు ఒకటే. మందంలో వెంట్రుకవాసి తేడా. ప్రెస్సులోనే పుట్టి పెరిగిన అతని వేళ్ళకే అది తెలియలేదు.

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటప్పా?" అన్నాడు.

"ముట్టుకుంటే తెలిసిపోతాది కదా. మీకూ తెలుత్తందనే అనుకున్నాను. తెలిసీ ఈ తమ్ముడు తప్పు సెప్తన్నాడేటి, నన్ను గెలిపిత్తన్నాడేటో అనుకున్నాను."

ధర్మారావు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"కార్డు గొప్పది కాదు, నా సెయ్యి అలాటిది. మా అయ్యని ఎవుడూ ముట్టని కార్డు సేసీకండి. ఇది రాయి తమ్ముడూ."

"రాస్తే నిన్ను దొంగాట ఆడిందంటారప్పా."

"అంటారు. నా పేరెట్టే రాయి. ఎవరో ఒకావిడ అని రాత్తే నమ్మరు."

నేను రెండు వాక్యాల సవరణ చాలనుకున్నాను. మా పాత దినపత్రికలో సవరణలు లోపలి పేజీలో, వాతావరణం పక్కన, అగ్గిపెట్టంత చోటులో వచ్చేవి. ఆ మాటే అన్నాను. నీలమ్మప్ప నన్ను కొత్తగా పనిలో చేరినవాణ్ణి చూసినట్టు చూసింది.

"గుండ్ల డబ్బాలో ఒక బద్ద దొరికిందనుకో. ఆ బద్దొక్కటీ తీసేసి మూతెట్టేత్తామా? డబ్బా అంతా బల్ల మీద పోసి మొదట్నించి సూత్తాం. ఒకటి దాటిపోయిందంటే ఇంకెన్ని దాటిపోయాయో."

అంత సేపు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళే ఆ పనిలో నిలుస్తారని చెప్పి, అన్నం డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ధర్మారావు ఒకే అట్ట మీద కొత్త నమూనాలు తీసి, మిషను మీద కోయించి ఇచ్చాడు. ఆ రోజూ, మర్నాడూ నేను రాసిన ప్రతి మాటనూ మళ్ళీ ఆడి చూశాను. తాత గురించి ఒక్కటే కాదు, ఇంకో రెండు కార్డుల మీదా నేను చెప్పింది తప్పని తేలింది. ఆవిడ చేతిలో అవి బలంగా కనిపించాయి, అంతే. వ్యాసం మొత్తం తిరగ రాశాను. 'నేను పొరబడ్డాను' అని శీర్షికలోనే పెట్టాను. తాత ధర రెండు గాలుల దగ్గరే నిలిచింది. అచ్చు మిషను అనుకున్న రోజుకే తిరిగింది.

ఆవిడ అనుకున్నట్టే మాటలు అన్నారు. గ్రూపుల్లో ఆవిడ వేళ్ళ మీద జోకులు వచ్చాయి. చదివి వినిపించమంటే వినిపించాను. ఒకటి రెండింటికి ఆవిడ కూడా నవ్వింది. కానీ విడుదల రోజున టెక్కలిలో పెట్టిన పోటీకి పేరు ఇమ్మంది. ఆ రోజు సంచిలోంచి తెల్లటి గుడ్డ తొడుగులు తీసింది. బయటి దేశాల కొనుగోలుదారులు తనిఖీకి వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో ఇచ్చేవి అవి. వాళ్ళు వెళ్ళగానే అందరూ తీసి పక్కన పడేస్తారు, తొడుక్కుంటే పప్పు తెలియదని.

చివరి ఆటలో ఎదుట కూర్చున్నది ఇంజనీరింగు చదివే హేమ. మొదటి విడత పోటీ గెలిచిన పిల్ల.

"పిన్నీ, ఇవన్నీ ఒకే అట్ట మీది కొత్త కార్డులే. తొడుగులెందుకేటి?"

"నాకు కాదమ్మా. నీకు నిద్దర పట్టాల కదా."

తాత కార్డు మొదటి నుంచీ ఆవిడ చేతిలోనే ఉందని తర్వాత తెలిసింది. మేమంతా దాన్ని దొరికిన వెంటనే దింపి, ఊహించి, మునిగేవాళ్ళం. ఆవిడ దింపలేదు. హేమ ఒడ్డున తొమ్మిది చేపలు, ఆవిడ ఒడ్డున ఎనిమిది. ఇంకో వంతు వస్తే ఆ పిల్ల గెలిచేది. అప్పుడు రెండు గాలులు పెట్టి తాతను దింపి, "సేప" అంది.

హాలు లేచిన గోలలో హేమ ముందుకు వంగి అడిగింది. "ఎలా సెప్పగలిగావు పిన్నీ?"

"నా కట్టలో పడవలైపోయాయి, గాలులైపోయాయి. మిగిలినవన్నీ సేపలే. పైనేదుంటే ఏటి?"

హేమ ముందు తన కట్ట వైపు చూసుకుంది. తర్వాత లేచి ఆవిడ తొడుగు తీసి, ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. తాతను అలా ఆడొచ్చని నా మొదటి వ్యాసంలో లేదు, దిద్దిన వ్యాసంలోనూ లేదు. కార్డు తయారుచేసిన ధర్మారావుకూ తెలియదు. ఇప్పుడు ఉద్దానంలో ఎవరింట్లో ఆడినా తాతను చివరిదాకా దాచుకుంటారు. బారువ నుంచి ఆవిడ తమ్ముడు ఆ కార్డు ఒకటి అడిగి తీసుకెళ్ళి గోడకు పెట్టుకున్నాడు.

మూడో విడత మందస వెనక కొండల మీద. వాగులు వచ్చాయి, పనస తోటలు వచ్చాయి, ఏనుగు వచ్చింది. తొంభై కార్డుల్లో చాలావాటి గురించి నాలుగు ముక్కలు ధైర్యంగా చెప్పగలను, ప్రతిదీ ఒకే అట్ట మీద ఉన్న నమూనాతో ఆడి చూశాను గనక. ఒక్క ఏనుగు మాత్రం చిక్కలేదు. అది దిగితే రెండు వైపుల తోటలూ పోతాయి. రెండు గాలులకు ఇస్తే ఆట చెడుతుందేమో, మూడైతే ఎవరూ ఆడరేమో. పది రోజులుగా ఆడుతున్నాను. ధర్మారావు రెండన్నాడు, మూడన్నాడు, నిన్న మళ్ళీ రెండన్నాడు. నా వ్యాసం పంపేశాను. 'ఏనుగు సంగతి నాకు తెలియదు' అన్నదే దాని శీర్షిక. అచ్చు సోమవారం. ఈ పూటకి ఆ కార్డు మూలన ధర అంకె వేయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.