గుర్తు తెలియని వాహనం

ఆ కారు మా షెడ్డుకు తన చక్రాల మీద రాలేదు, లారీ మీద వచ్చింది. చిత్తూరులో నేను నలభై ఏళ్ళుగా టింకరింగ్ పని చేస్తున్నాను. సొట్ట పడని బండి మా గడప తొక్కదు కాబట్టి దేన్ని చూసినా నాకు ఆశ్చర్యం తక్కువ. దీన్ని చూసి మాత్రం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జర్మనీలో గొప్పవాళ్ళ కోసం చేసిన కారు. రేకు టాపు ఉండదు, గుడ్డ టాపు. దాన్ని వెనక్కి మడిచేసి ఊరంతా చూసేలా పోవచ్చు. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయట.

తెచ్చినాయన ఐరాల దగ్గరి మామిడి తోటల పెద్దాయన మనవడు. పాత కార్లు సేకరించేవాళ్ళు చెన్నైలో జరిపే ప్రదర్శనలో దాన్ని కొత్తదానిలా నిలబెట్టాలని ఆయన పట్టుదల. తాత బతికినన్నాళ్ళూ దాని మీద గీత కూడా పడనివ్వలేదని, ఆ మాటే బోర్డు మీద రాయించి కారు ముందు పెడతానని చెప్పాడు. నా చేతిపని గురించి నాలుగు మంచి మాటలన్నాడు. పొగిడితే పడిపోయే రకాన్ని, ఒప్పేసుకున్నాను.

ఇంజను విడిగా చెన్నై పోయింది. సీట్లు లేవు, బ్యాటరీ లేదు. మిగిలింది ఉత్త డొల్ల. ఆ డొల్ల నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. కుడి మడ్‌గార్డు మీద సుత్తితో కొడితే ఎడమ మడ్‌గార్డు లోపలి నుంచి టిక్ మని జవాబొచ్చేది. రెండు కొడితే రెండుసార్లు. పట్టపగలు, పక్కనే వెల్డింగ్ షాపు హోరెత్తుతున్నా అది నాకు స్పష్టంగా వినిపించేది. ఒకరోజు సుత్తి కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నేను కొట్టకుండానే టిక్ మంది. ఆ రోజు భయమేసి పెందలాడే షట్టరు దించాను.

ఎడమ మడ్‌గార్డుకు పెట్టిన పుట్టీ మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ ఒకే చోట, హెడ్‌లైటుకు జానెడు వెనక. ఎండ ఎక్కువైందని ఒకసారి, పుట్టీ నాసిరకమని ఒకసారి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడోసారి చక్రం విప్పి, లోపలికి తల దూర్చి టార్చి వేశాను. అరచేతి వెడల్పున సీసం ముద్ద కనబడింది.

అది మా నాయన పని. ఇదే షెడ్డులో ఆయనా టింకరే. మనిషి ప్రాణం తీసిన బండి వస్తే, సొట్ట తీశాక లోపలి వైపు సీసంలో ఒక చిల్లికాణీ, అంటే నడుమ చిల్లున్న పాత రాగి కాణీ, అతికించేవాడు. పోయినవాళ్ళు బండి వెంట తిరగకుండా ఆ కాణీ దగ్గర కుదురుకుంటారని ఆయన నమ్మకం. బండి తెచ్చినవాళ్ళకు చెప్పేవాడు కాదు. పని నేర్పేటప్పుడు నాకొక్కడికే చెప్పాడు. గీత కూడా పడని కారు ఒకరిని చంపిందన్నమాట.

ఉలితో సీసం గీకాను. కాణీ లేదు. వెండి ఉంగరం ఊడి నా గుండెల మీద పడింది. చిలక బొమ్మ ఉంగరం. చుట్టూ సీసం పగిలి అది ఎప్పుడో వదులైపోయింది. ఇన్నాళ్ళూ టిక్ మన్నది అదే.

ఆ ఉంగరం నాకు తెలుసు. అమ్మది నగరి, చేనేత ఇల్లు. పెళ్ళిలో అమ్మ తమ్ముడు, అంటే మా మామ, నాయన వేలికి తొడిగిన ఉంగరం అది. ఎక్కడో పారేసుకున్నానని నాయన చెప్పాడు. బతికినన్నాళ్ళూ అమ్మ ఆయన్ని దానికోసం సాధించింది. తమ్ముడు పోయాక ఆమెకు గుర్తుగా మిగలాల్సింది అదొక్కటే.

మామ సైకిలుకు లుంగీల మూట కట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు ఒక పొద్దున ఐరాల దారిలో చచ్చిపడి ఉన్నాడు. గుర్తు తెలియని వాహనం అని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. కర్మనాడు నాయన అరచేతిలో కాలిన బొబ్బ చూసిన జ్ఞాపకం. సీసం చిందిందన్నాడు. ఏ బండి పనిలో చిందిందని ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం అప్పటి నుంచీ, ఎవరినీ శిక్షించమనలేదు గానీ, ఏ బండో తెలిస్తే చాలు అంటూనే ఉంది. ఇప్పుడామెకు ఎనభై దాటాయి.

అప్పట్లో మా షెడ్డు స్థలం ఆ మామిడి తోటల పెద్దాయనదే. నోరు విప్పితే షెడ్డు పోతుందని నాయన భయపడ్డాడు, అది నాకు అర్థమవుతుంది. అర్థమైనా కోపం పోలేదు. అన్నేళ్ళు అమ్మ చేతి సంగటి తిని, ఆమె ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఉంగరం జేబులో పెట్టుకుని కారు పని పూర్తిచేశాను. పుట్టీ మళ్ళీ పగల్లేదు. నల్లరంగు అద్దంలా తేలింది. కానీ టిక్ మన్న చప్పుడు ఆగలేదు. జేబులో చెయ్యి పెడితే ఉంగరం ఒక్కటే ఉండేది, తగలడానికి తోడు ఇంకేమీ లేదు. ఇక తట్టుకోలేక అమ్మకు ఇచ్చేశాను, నాయన పనిముట్ల పెట్టెలో దొరికిందని అబద్ధం చెప్పి.

అమ్మకు చూపు సగమే. చిలకను బొటనవేలితో తడిమింది.

"ఆ పెట్టె నేను ఎన్నిసార్లు బోర్లించి సూసినానో నీకేం తెలుసు. యాడ దొరికిందో సెప్పు."

ఐరాల పెద్దాయన కారులో, సీసం కింద దొరికిందని, నాయన ఎలాంటి బండ్లకు అలా అతికించేవాడో కూడా చెప్పాను. ఏ పక్కనో చెప్పలేదు.

మర్నాడు ఆటోలో షెడ్డుకు వచ్చింది. నాయన పోయాక ఆమె అక్కడ కాలు పెట్టడం అదే మొదలు. కుడివైపు నుంచి వచ్చి, కారు చుట్టూ తిరిగి, ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగి, సరిగ్గా ఆ చోటే అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చెయ్యి నావైపు చాపింది.

"సుత్తి ఇయ్యి."

ఇచ్చాను. అది నాయన సుత్తే. ఒక్క దెబ్బ వేసింది. ముసలి చెయ్యి, అయినా ఉసిరికాయంత గుంట పడింది. సుత్తి నా చేతికిచ్చి అదే ఆటోలో వెళ్ళిపోయింది.

మనవడు కారు కోసం రావడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ గుంటను అలాగే ఉంచి, ఇది ఎందుకు పడిందో చెబితే సరిపోయేది. స్థలం ఇప్పుడు నాదే, నాకు ఎవరి భయమూ లేదు. ఉన్నదల్లా నా పనిని చెన్నైలో నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ. చక్రం విప్పి, లోపలి నుంచి మెల్లగా కొట్టి, పుట్టీ పెట్టి, రంగు వేశాను. అక్కడ ఏమీ జరగనట్టే అయిపోయింది.

ఆయన వచ్చి కారును నిమిరి మురిసిపోయాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కాణిపాకంలో పూజకని లారీ మీద తీసుకెళ్ళాడు. తర్వాత ప్రదర్శన ఫోటో పంపాడు. కారు ముందు, గీత కూడా పడలేదన్న ఆ బోర్డు ఉంది.

ఫోటో వచ్చిన రోజే అన్నం దగ్గర అమ్మ అడిగింది, "కారు తెచ్చిన ఆయప్పకు సెప్పినావా?"

నేను కంచంలోకి చూస్తూ ముద్ద కలుపుకున్నాను.

"మీ నాయన గూడా ఇట్లే తల వంచుకోని తింటా ఉండె" అని, నాకు ఇంకో గరిటె పులుసు పోసింది. ఆమె వేలి ఉంగరం గిన్నెకు తగిలి టిక్ మంది.