ఎస్తేరక్క ఎత్తుకుపోయిన నా క్రోటన్

నిన్న మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్.

"చిన్నమ్మా, నేను శాంతిని. డోర్నకల్ ఎస్తేరు బిడ్డను. అమ్మ పోయింది."

ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది.

ఇన్నేళ్లు ఒక్క మాట లేదు. ఇప్పుడు ఈ కబురు. అదీ నీ నోటితో కాదు అక్కా.

ఈ మొక్కల గ్రూపులో మీకెవరికీ ఎస్తేరక్క తెలియదు. నా బాల్కనీ ఫొటోలు పెట్టినప్పుడల్లా "మొక్కల పని ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ" అంటారు కదా. ఆమె దగ్గరే. ఎప్పుడూ పేరు చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

ఎనభైల మొదట్లో మాట. వరంగల్ బజార్లో మా అత్తగారిల్లు. ముందు బట్టల దుకాణం, వెనక మేము, మేడ మీద కిరాయికి ఎస్తేరక్క వాళ్లు. ఆమె భర్తకు రైల్వేలో ఉద్యోగం. మేడ మెట్ల మీద అన్నీ డాల్డా డబ్బాలే, వాటి నిండా క్రోటన్లు.

నేను కొత్త కోడలిని. అంత ఇంట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి ఒక్క వస్తువు లేదు. అది అక్క కనిపెట్టింది కాబోలు, ఒక క్రోటన్ కొమ్మ డబ్బాలో గుచ్చి నా చేతికిచ్చింది.

నేనేం చేశాను? పొద్దున్నే స్నానం చేసి తులసమ్మకు చెంబుడు నీళ్లు పోసేదాన్ని కదా, అదే చేత్తో దానికీ ఒక చెంబు. రోజూ. బొట్టు కూడా పెట్టాను, డబ్బాకి.

ఆకులు రాలిపోతుంటే దాహం వేస్తోందేమో అని ఇంకో చెంబు.

అక్క చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇది తులసమ్మ గాదే పిల్లా! మొక్కుకుంట మొక్కుకుంట ముంచి సంపుతానవు. మట్టిల వేలు వెట్టి సూడు. తడి తాకిందా, చెంబు పక్కకు వెట్టు."

ఆ మొక్క దక్కలేదు. ఇంకో కొమ్మ ఇచ్చింది. డబ్బా అడుగున మేకుతో బొక్కలు కొట్టడం నేర్పింది. మా చీకటింట్లో ఆకులు వెలవెలబోతుంటే మెట్ల మీదికి, తన డబ్బాల పక్కకి మార్పించింది.

కొన్నాళ్లకి ఆకుల మీద ఎరుపు, పసుపు చారలు వచ్చాయి. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. మా అత్తమ్మ "మంచిగున్నది" అని లోపలికి వెళ్లిపోయింది. అక్క మాత్రం కింద కూర్చుని ఆకు ఆకు తిప్పి చూసింది.

ఇక నాకు ఆశ పెరిగింది. ఆమె కిటికీలో హార్లిక్స్ సీసాలో మనీ ప్లాంట్ ఉండేది. దాని మీద కన్ను పడింది. కానీ మనీ ప్లాంట్ అడిగి తెచ్చుకుంటే బతకదని, దొంగతనంగా తెచ్చుకోవాలని మా దుకాణాల ఇళ్లలో నమ్మకం. ఆ మాటే అక్కకు చెప్పాను.

"అట్లనా? అయితె నేను అటు దిక్కు తిరిగి నిలవడుత. జల్ది దొంగతనం చేస్కో."

నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడింది. నేను దుకాణం కత్తెరతో తీగ కత్తిరిస్తుంటే ఆమె భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. "అయ్యిందా దొంగా?" అంది.

స్నేహం అంటే నాకు ఇప్పటికీ ఆ వీపే గుర్తొస్తుంది.

డెలివరీకి మరిపెడ, మా అమ్మగారింటికి బయల్దేరే రోజు మెట్ల దగ్గర నిలబడి నా క్రోటన్‌నే చూస్తున్నాను. "నేనున్న గద, ఫికర్ జెయ్యకు. బిడ్డనెత్తుకొని రా, నీ చెట్టు నీకు అప్పజెప్త" అంది.

పాపని ఎత్తుకుని తిరిగొచ్చాను. ఇంట్లోకి కూడా పోకుండా మెట్ల దగ్గరికి నడిచాను.

ఖాళీ.

డబ్బాలు ఉన్నచోట తుప్పు మరకలు, గుండ్రంగా. మేడకి తాళం. ట్రాన్స్‌ఫర్ అయి డోర్నకల్ వెళ్లిపోయారట. తన డబ్బాలతో పాటు నాదీ ఎత్తుకుపోయింది. వంటింటి కిటికీలో నా మనీ ప్లాంట్ నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయి ఉంది.

అత్తమ్మ అంది, "కిరాయోళ్లు వస్తాంటరు, పోతాంటరు. చెట్టు కోసం ఏడుస్తవా?"

చెట్టు కోసం కాదు.

ఉత్తరం రాశాను. జవాబు లేదు. డోర్నకల్ ఏమన్నా దేశం కాని దేశమా? రైలెక్కితే పూటలో వస్తావు. నీకైతే టికెట్ కూడా అక్కర్లేదు! కొన్నేళ్లు ప్రతి క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వస్తావని చూశాను. తర్వాత చూడటం మానేశాను.

ఇవాళ పొద్దున మట్టికి, అక్కను సాగనంపడానికి డోర్నకల్ వెళ్లాను.

వాళ్లింటి గేటు పక్కనే నా క్రోటన్. ఇప్పుడు డబ్బాలో లేదు, నేలలో ఉంది. నాకన్నా ఎత్తు పెరిగింది. ఆ ఎరుపు, ఆ పసుపు నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

శాంతి అంది, "ఎవలడిగినా కొమ్మ ఇయ్యకపోతుండె చిన్నమ్మా. అది పద్మ చెట్టు, పద్మ వచ్చినంక ఆమెనే అడుగున్రి అనేది."

ఆ మాటకి కరిగిపోతాననుకుంది పాపం. నాకు ఒళ్లు మండింది. నాదని తెలుసు. నేనెక్కడున్నానో తెలుసు. మరి ఎందుకు పిలవలేదని శాంతినే అడిగాను.

"తెల్వది చిన్నమ్మా. అడిగితె నవ్వి ఊకుండేది."

నవ్విందట! ఆ నవ్వుని నేనేం చేసుకోవాలి అక్కా?

పెట్టెలో ఈసారి నా వైపే మొహం పెట్టి పడుకున్నావు. మళ్లీ చెప్పకుండానే పోతున్నావు.

అంతా అయ్యాక శాంతి కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. "ఒక కొమ్మ తీస్కపో, నీ చెట్టే గద."

తీసుకోలేదు. నా చెట్టు ఒకరిస్తే నేను తీసుకోవడమేంటి? దొంగతనం చేద్దామంటే అటు తిరిగి నిలబడటానికి నువ్వు లేవు.

వచ్చేముందు దాని మొదట్లో మట్టిలో వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. నువ్వు మంచంలో ఉన్నన్నాళ్లు ఎవరూ పట్టించుకున్నట్టు లేరు.

ఒక చెంబు నీళ్లు పోశాను. క్షమించానని కాదు. అప్పజెప్తా అన్నావు, అందుకని.

వెళ్లిరా ఎస్తేరక్కా. ఆ ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి. నాకు దొరకడానికి ఇంకా టైమ్ పడుతుంది.