రంగూను ఓడలో ఎండుచేపల బుట్ట

పరదేశం వెళ్ళేవాళ్ళు చీరలు తగ్గించుకోండి గానీ, మన తిండి మోసుకెళ్ళడానికి సిగ్గుపడకండి. రంగూనులో నా కూతురు పురుడు పోసుకుందని తెలిసి ఓడెక్కాను. బాలింతకు పాలు పడాలని మా కొల్లేటి కొరమీను ముక్కలు ఎండబెట్టి తాటాకు బుట్టలో పెట్టాను. వాసన రాకుండా పైన చీరలు కప్పాను. మర్నాటికి చీరలూ చేపల్లాగే కంపు కొట్టాయి.

పక్కనున్న తాడేపల్లిగూడెం గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. "ఏవండీ, ఆ బుట్ట సముద్రంలో పారేయండి. లేకపోతే ఓడవాళ్ళను పిలుస్తాను."

"పిలవండి. నా పిల్లకు పాలు పడేట్టు మీరు చేస్తారేంటండీ?" అన్నాను.

అన్నంత పనీ చేశాడు. బర్మా నౌకరు ఒకడు వచ్చాడు. ఎదుట కూర్చున్న బర్మా ముసలామె అంతా విని, తన కుండ మూత తీసింది. అందులో పులియబెట్టిన చేపల ముద్ద. దాని కంపు ముందు నా బుట్ట ఎంత! రంగూనులో మనవాళ్ళ మధ్య బతికిన మనిషి, తెలుగు వచ్చు.

"వాసన నాదే," అంది.

నౌకరు కుండలోకి వంగి ఏదో అడిగాడు. ఆమె పకపకా నవ్వింది. "అన్నం ఉందా అంటున్నాడమ్మా!"

బుట్ట రంగూను చేరింది. నేనింకా తలుపు తట్టనే లేదు, లోపలినుంచి నా పిల్ల, "అమ్మొచ్చింది!" అంది.