రాప్తాడు నుంచి మంచుకొండకు ఒక దరఖాస్తు

ఈమధ్య బ్యాంకు క్యాలెండర్లలో తిథి, నక్షత్రం వేయడం మానేశారు. కార్ల బొమ్మలు వేస్తున్నారు. అమావాస్య ఎప్పుడో తెలియాలంటే పక్కింటికి పోవాలి. ఫిర్యాదు చేద్దామంటే, రిటైరైనవాడి మాట వినే కౌంటరు ఏ శాఖలోనూ లేదు.

నేను పదవీ విరమణకు రెండేళ్ల ముందు అనంతపురం శాఖలో విదేశీ మారక విభాగానికి సీనియర్ మేనేజరుగా చేరాను. పేరు పెద్దది. విభాగమంటే నేను, ఒక ప్రింటరు. పని చాలావరకు పిల్లల కాలేజీ ఫీజులు బయటిదేశాలకు పంపడం. అలాంటి బల్ల మీదికి ఆ ఏడాది ఫిబ్రవరిలో, యూరప్‌లోని ఒక మంచుకొండల ఊళ్లో ఫ్లాటు కొంటామంటూ రాప్తాడు నుంచి దరఖాస్తు వచ్చింది.

దరఖాస్తుదారు నాగలక్ష్మమ్మ. హైవే వెడల్పులో ఆమె చేను పోయింది. దానికి వచ్చిన పరిహారమే ఆమెకు మిగిలిన ఆస్తి. కొడుకు సురేంద్ర లేఅవుట్లు వేసే వ్యాపారి. బెంగళూరు హోటల్లో జరిగిన ఒక సమావేశానికి పోయి, భోజనంతో పాటు ఆ ఫ్లాటును కూడా ఒప్పుకొని వచ్చాడు. జనం కాళ్లకు బద్దలు కట్టుకొని కొండ మీంచి జారడానికి అక్కడికి వస్తారట. వాళ్లకు అద్దెకిస్తే ఏటా రాబడి.

ఇందులో బ్యాంకు పని పరిమితం. ఎల్.ఆర్.ఎస్. అనే పథకం కింద ఎవరైనా తమ సొంత డబ్బు ఏటా ఒక హద్దు దాకా విదేశానికి పంపుకోవచ్చు. మా జిల్లాలో ఎల్.ఆర్.ఎస్. అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ కాబట్టి సురేంద్ర మొదట ఆ రశీదులు తెచ్చాడు. ఎందుకు పంపుతున్నారో ఏ2 అనే ఫారంలో రాయాలి, ఆడిటరు సర్టిఫికెట్ కావాలి, డబ్బు అప్పు తెచ్చింది కాకూడదు. ఆస్తి మంచిదా చెడ్డదా అన్నదానితో మాకు సంబంధం లేదు. సలహా ఇవ్వకూడదన్నది నియమం.

ఆ నియమాన్ని నేను ఒక్క మాటతో తప్పాను. అమ్మే కంపెనీ ఒకే ధరకు రెండు ఫ్లాట్లు చూపింది. ఒకటి కొండ కింద, కింది రోప్‌వే ఎక్కే చోట, రోడ్డు పక్కనే, విశాలంగా ఉంది. రెండోది కొండ పైన, అది దిగి ఇంకో రోప్‌వే ఎక్కే చోట, ఇరుకుగా ఉంది. ఏది మేలని సురేంద్ర అడిగాడు. మాది తనకల్లు దగ్గర మెట్ట సేద్యం చేసే ఇల్లు. వాన ఎక్కడ పడినా నీళ్లు చేరేది పల్లానికేనని అక్షరాలు రాకముందే నాకు తెలుసు. "కిందిదే" అన్నాను. అతనూ అప్పటికే అదే అనుకున్నాడు. ఇద్దరం నిపుణుల్లా తలలూపుకున్నాం. కాగితాలు సక్రమమని ఫైలు మీద రాశాను.

నా సర్వీసులో గొప్ప చెప్పుకోదగ్గ అలవాటు ఒకటుంది. ఇంగ్లీషు రానివాళ్ల చేత సంతకం పెట్టించేముందు ఒప్పందం మొత్తం తెలుగులో చదివి వినిపించేవాణ్ని. పైఅధికారులు దీన్ని 'సేవలో జాప్యం' అని నా రికార్డులో నమోదు చేశారు. నాగలక్ష్మమ్మకూ అలాగే చదివాను. శుక్రవారంలోగా డబ్బు చేరకపోతే ఫ్లాటు ఇంకొకరికి పోతుందని సురేంద్ర గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

పదకొండో షరతు దగ్గర ఆమె చెయ్యెత్తింది. అద్దెకు హామీ ఫ్లాటు దగ్గరి రోప్‌వే నడిచిన రోజులకేనని, మంచు ఉంటేనే అది నడుస్తుందని అందులో ఉంది.

"మంచు పడకపోతే?"

"అది మంచుకొండమ్మా. పడక యాడికి పోతాది?" అన్నాడు సురేంద్ర.

"మా నాయన గూడా వాన గురించి అట్లే అంటాండె."

పడకపోతే మిషన్లతో తయారుచేస్తారని కొడుకు చెప్పాడు. మిషనుకు నీళ్లు యాడియని అడిగింది. చెరువు ఉండాదన్నాడు.

"చెరువు ఎవురిది? మనకు పాలుండాదా?"

ఈ ప్రశ్నలు ఏ2 ఫారంలో లేవు. కంపెనీని అడగాలన్నాను. శుక్రవారం దాటితే పోతాది సార్ అని సురేంద్ర నా వైపు తిరిగాడు. జవాబు మాత్రం తల్లి చెప్పింది: "చేను ఒకసారి పోయిండాది. రెండోసారి నన్నడిగి పోవల్ల."

ఆమె ప్రశ్నలను వరుసగా ఇంగ్లీషులో రాసిచ్చాను. సురేంద్ర పంపాడు. మూడో రోజు మర్యాదగా, పొడుగ్గా జవాబు వచ్చింది. అందులో పనికొచ్చేవి రెండే సంగతులు. కొండ కింద మంచు తగ్గుతోంది, కొన్ని చలికాలాల్లో కింది రోప్‌వే వారాల తరబడి ఆగింది, పైన మాత్రం మంచు నిలుస్తోంది, అప్పుడు జనం ఘాట్ రోడ్డున పైకి వస్తున్నారు. చెరువులో ఫ్లాట్ల యజమానులకు ఏ హక్కూ లేదు.

"అయితే ఆడ మెట్టే మేలు. పైది అని రాయి సారూ" అంది ఆమె.

మా తనకల్లు లెక్కన కిందిది మేలన్నవాణ్ని నేనేనని ఒప్పుకున్నాను.

"నువ్వేం చేస్తావులే, తనకల్లోడివి" అంది.

రోప్‌వే ఆగినా సగం అద్దె ఇవ్వాలన్న షరతు కూడా ఆమే చేర్పించింది. శుక్రవారం పోయింది. ఇంకో శుక్రవారమూ పోయింది. ఫ్లాటు ఎక్కడికీ పోలేదు. కంపెనీ ఒప్పుకుంది. విదేశంలో స్థిరాస్తికి మా శాఖ నుంచి వెళ్లిన మొదటి పైకం అదే. ప్రధాన కార్యాలయం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మా ఉద్యోగంలో సన్మానమంటే అంతకు మించి ఉండదు. మరుసటి చలికాలం కింది రోప్‌వే నెల రోజులు మూతపడింది. పై రోప్‌వే ఆగలేదు, పై ఫ్లాటు అద్దె పూర్తిగా వచ్చింది.

కాగితాలు సక్రమమని రాయడం, కొనే వస్తువు తెలియడం వేర్వేరు పనులని నాకు అప్పుడు తెలిసింది. మన నేల నేర్పిన ప్రశ్నలు ఎక్కడైనా పనికొస్తాయి. జవాబులు మాత్రం ఎక్కడివక్కడే వెతుక్కోవాలి.

డబ్బు వెళ్లిన రోజు నాగలక్ష్మమ్మ రశీదు కోసం వచ్చింది. కంపెనీ పంపిన రంగుల పుస్తకం బల్ల మీద ఉంది. కొండంతా తెల్లగా, దాని మీద చీమల్లా జనం. ఆమె దాన్ని దగ్గరికి లాక్కొని చాలాసేపు చూసింది.

"ఏమి సారూ, ఇన్ని నీళ్లు పెట్టుకోని, వీళ్లు దాని మీద జారతాండారా?"